ఊడ్వని వాకిలి

నా నోరు మంచిది కాదని మా వాడకట్టోళ్ళందరికీ ఎరుకే. ఉన్నమాట అంటే ఎవలకన్నా మంటనే ఉంటది మరి. గంత నోరున్నదాన్ని, ఆ యేడు అన్ని దినాలు వాకిలి ఎందుకు ఊడ్వలేదో ఒక్కలన్నా నిజం ఇందామని అడగలే. వెనుకపొంటి మాత్రం నోటికొచ్చినట్టు అనుకున్నరు. పదేండ్లు దాటింది. ఇప్పటికీ మా తోటికోడలు బక్కమ్మక్క బాయికాడ ఆ ముచ్చట తీసిందంటే నాకు ఒళ్ళు మండుతది. అందుకే నేనే చెప్తాన, జర కూసోని ఇనుండ్రి.

మా ఇల్లు కాజీపేటకు అవుతల, రైలు పట్టాల పక్కన. సాలోళ్ళ వాడల ఆఖరిల్లు. ఇంటి వెనుకకు పోతే వాగు, వాగు మీద రైలు బిర్జి. మా ఆయన మొగిలి ముందరి అర్రల మగ్గం నేసెటోడు. నేతల బువ్వ ఎల్లక బీవండికి పోయిండు, సాంచాల మీద, అదే కరెంటు మగ్గాల మీద పనికి. మా వాడల సగం మంది మొగోళ్ళు ఆడనే ఉండిరి. పొయ్యేటప్పుడు "దసరాకు వస్తనే యాకమ్మా" అన్నడు. ఏ దసరానో చెప్పలే.

మిగిలిన మొగోళ్ళు ఏడాదికొకపాలి వచ్చెటోళ్ళు. పెండ్లాలకు చీరెలు, పిల్లలకు రబ్బరు బొమ్మలు తెచ్చెటోళ్ళు. ఈయన ఐదేండ్లు రాలే. నాకా పిల్లా జెల్లా లేరు, అత్తమామలు ఎన్నడో పోయిండ్రు. సొసైటీల నూలు తెచ్చుకోని రాట్నం మీద కండెలు చుట్టుకుంట బతికిన. పొద్దంత ఎవలతోటి మాట్లాడక మాట్లాడక, మాపటీలి ఎవలన్న పలుకరిస్తే గొంతు పెకలకపోయేది. నాతోటి నేనే మాట్లాడుకోని చూసిన. అట్ల గూడ ఎన్నొద్దులు మాట్లాడుత? నాకెరుక లేని ముచ్చట నేను నాకేం చెప్పుకుంట?

బీవండిల ఆయనకు ఇంకొకతి ఉన్నదని ఎవలో అన్నరు. అన్నోళ్ళ ఇంటి ముంగటికి పోయి లొల్లి పెట్టి వచ్చిన. నమ్మలే. నమ్మితే నేనేం చేసుకోని బతుకాలె? ఆయన రావాలె, ఇంట్ల నాలుగొద్దులు ఉండాలె, తిట్టనీ కొట్టనీ, ఇంట్ల ఇంకో మనిషి సప్పుడు ఇనవడాలె. నాకు దేవునికాడ అడిగేది ఆ ఒక్కటే ఉండె.

ఆ యేడు పాకిస్తానోళ్ళతోటి లడాయి అయితదని రేడియోల ఒకటే చెప్తాండ్రు. బతుకమ్మ పండుగ పోయి కొన్నొద్దులైనంక, మా ఊరి పోలీసు పటేలు వెంకట్రాజం వచ్చి మా ఇంటి ముంగట జీపు దిగిండు. ఆయన వెంట రైల్వేల పనిచేసే సాహెబు ఒకాయన, నలుగురు మిలట్రోళ్ళు.

"యాకమ్మా, బిర్జికి కావలి పెడుతాండ్రు. వీళ్ళుండెటందుకు నీ ముందరి అర్ర ఇయ్యాలె" అన్నడు పటేలు.

"ఆడమనిషి ఒక్కతున్న ఇల్లు పటేలా ఇది. ఇంకెవలిల్లు దొరకలేదా?"

"బిర్జికి దగ్గరున్నది నీ ఇల్లే. ఒక్కదానివేనాయె, వెనుక అర్ర సాలదా నీకు?"

ఒక్కదానివేనాయె. ఆ మాట ఎంత అల్కగ అన్నడు. ఇంట్ల మొగోడు ఉంటే అర్ర ఇయ్యుమని అడిగెటోడు గని, ఇచ్చినట్టే మాట్లాడకపోవు. అయినా సర్కారు మాటకు నేనెంత? సామాను వెనుక అర్రలకు గుంజుకోని, నడిమి దర్వాజకు గడియ పెట్టుకున్న.

వాళ్ళ పెద్ద, హవల్దారు దీవాన్ సింగ్. ఎక్కడో మంచు పడే కొండల కాడి మనిషట. మీసాలు నెరిసినయ్. మిగిలిన ముగ్గురు ఆయన ఎంతంటె అంత. ఇద్దరు బిర్జి మీద కావలి, ఇద్దరు ఇంట్ల పండుకునుడు, మల్ల వాళ్ళు వీళ్ళు మారుడు. మగ్గం గుంత మీద పలుకలేసి ఉండె. ఆ పలుకలు తీసి గుంతల కాళ్ళు పెట్టుకోని కూసోని ఉల్లిగడ్డలు కోసెటోళ్ళు. మా ఆయన కూసున్న జాగల ఉల్లిగడ్డ పొట్టు చూసి నాకు పానం చివుక్కుమన్నది.

మొదాలు మొదాలు రోజూ లొల్లే. బాయికాడ నీళ్ళు పారబోస్తే తిట్టిన. బూట్లతోటి తులసికోట పక్కపొంటి నడిస్తే తిట్టిన. నాకు ఉర్దూ జర నడుస్తది, చిన్నప్పుడు సాయబుల పిల్లలతోటి ఆడుకున్నదాన్ని. వచ్చిన ఉర్దూల తిట్టి, తక్కువైతే తెలుగుల తిట్టిన. దీవాన్ సింగ్ చేతులు కట్టుకోని "జీ బెహన్ జీ" అనెటోడు. తెలుగు తిట్టుకు గూడ అదే జవాబు. ఒకనాడు నాకు నవ్వాగక కొంగు నోట్ల కుక్కుకోని లోపలికి ఉరికిన. ఎన్నేండ్లకు నవ్విన్నో.

తర్వాత తర్వాత, పచ్చిపులుసు చేస్తే ఓ గిన్నెడు దర్వాజ సందుల నుంచి ముందుకు జరిపెటిదాన్ని. కారానికి దగ్గుకుంట తాగెటోళ్ళు, తాగి మల్ల గిన్నె కడిగి బోర్లిచ్చి పెట్టెటోళ్ళు. వాళ్ళు గోధుమరొట్టె కాలుస్తే నాకోటి వచ్చేది. నిజం చెప్తాన, నాకు మంచిగనిపించింది. పొద్దున లేస్తే ఎవలో దగ్గుతాండ్రు, ఎవలో బకెట్ పెడుతాండ్రు, ఎవలో ఎవన్నో పిలుస్తాండ్రు. ఇంట్ల మనుషులుంటే ఇల్లు ఎట్లుంటదో నేను మరిచేపోయిన.

అయినా వాళ్ళు వాళ్ళే, నేను నేనే. మాపు రొట్టెలు తినుకుంట వాళ్ళ కొండల మాట మాట్లాడుకోని పకపక నవ్వెటోళ్ళు. నేను గడియ పెట్టిన దర్వాజకు ఇవుతల రాట్నం కాడ కూసోని ఇనెటిదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది గాదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు గూడ గంత ఒంటిగ అనిపియ్యలే నాకు.

ఒకనాడు బాయికాడ దీవాన్ సింగ్ అడిగిండు, మీ ఆయన ఎక్కడ అని.

"బీవండిల ఉంటడు" అన్న.

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు."

ఆయన చేద గుంజుడు ఆపి నా దిక్కు చూసిండు. "మా ఇంటిది గూడ ఎవలన్న అడిగితే గిట్లనే చెప్తదట బెహన్ జీ. వస్తడు అనంటదట, ఎప్పుడో చెప్పదట" అన్నడు. నా బిందె ఆయనే నింపి పక్కన పెట్టి పోయిండు. ఆ మనిషి పెండ్లాన్ని ఎదురుచూపిచ్చుకుంట ఈడ మా వాగు మీద బిర్జి కాస్తాండు. మా ఆయన నన్ను ఎదురుచూపిచ్చుకుంట ఆడ సాంచా నడుపుతాండు.

బక్కమ్మక్క గోడ మీదికెల్లి తొంగి చూసుడు అప్పటికే షురూ చేసింది. మా బావ పెండ్లాం ఆమె, మా గోడా వాళ్ళ గోడా ఒక్కటే.

"ఏమే యాకమ్మా, మిలట్రోళ్ళకు పులుసు పోస్తానవట" అన్నది.

"పోస్తాన. నీకు గూడ కావాల్నా అక్కా, గిన్నె తెచ్చుకో" అన్న. మూతి తిప్పుకోని పోయింది.

లడాయి మొదలైంది. కాజీపేట స్టేషన్ల దీపాలకు నల్లకాగితాలు చుట్టిండ్రు. బండ్ల నిండ మిలట్రోళ్ళే ఉత్తరం దిక్కు పోతాండ్రు. మావోళ్ళకు గూడ హుకుం వచ్చింది, బార్డర్‌కు పోవాల్నని. బిర్జికి ఇగ హోంగార్డులు వస్తరట, వాళ్ళు స్టేషన్లనే ఉంటరట. పొద్దుగాల్ల సామాను కట్టుకున్నరు. నేను జొన్నరొట్టెలు, చింతతొక్కు ఒక గుడ్డల పెట్టి మూట కట్టి ఇచ్చిన. వద్దనలే. ఆ పొద్దు నడిమి దర్వాజ గడియ తీసే ఉంచిన.

"ఏ ఊరికి పోతాండ్రు?" అని అడిగిన.

"మాకే ఎరుక లేదు బెహన్ జీ."

"ఎన్నొద్దులకు చేరుతరు?"

దీవాన్ సింగ్ నవ్విండు. వంగి నా కాళ్ళ దిక్కు చెయ్యి పెట్టబోతే నేను వెనుకకు జరిగిన. నా కన్న పెద్దోడు, నా కాళ్ళేంది మొక్కుడు? నలుగురు జీపెక్కిండ్రు. మూలమలుపు కాడ జీపు కనపడకుండ పోయింది.

నేను చీపురు చేతిలకు తీసుకున్న. అలవాటు గదా. ఉల్లిగడ్డ పొట్టు, బీడీ ముక్కలు, వాకిట్ల వేపాకు, అంత చెత్త చెత్త. వంగి ఒక్క గీత ఊడ్వబోయి ఆగిన.

మాకాడ ఓ పద్ధతుంటది. ఇంటి మనిషి దూరం పోతే, చేరినమని కబురు వచ్చేదాన్క వాకిలి ఊడ్వద్దు, పెండనీళ్ళ సాన్పు చల్లద్దు. మనిషి వెనుకనే ఊడిసేది ఒక్కప్పుడే, పీనుగు లేచినప్పుడు. పాడె గల్లీ దాటంగనే ఇల్లంత ఊడిచి కడుగుతరు. సుట్టాలొచ్చి పోతే, కిరాయోళ్ళు ఖాళీ చేస్తే గింత పట్టింపు ఉండదు. వీళ్ళు నాకు సుట్టాలా, కిరాయోళ్ళా? ఏమీ గారు. అయితె నా పులుసు తిన్నోళ్ళు, లడాయికి పోతాండ్రు. వెనుకకెల్లి చీపురేసి, మీరు మల్ల రారని నా చేతులతోటి నేనే చెప్పాల్నా? చీపురు మూలకు పెట్టిన.

ఇంటోళ్ళైతె కార్డు ముక్క రాస్తరు, లేకపోతే ఎవలతోటన్న చెప్పి పంపుతరు. వీళ్ళు చేరిండ్రని నాకెవలు చెప్తరు? ఆ సంగతి నాకు అప్పుడు తట్టలే. ఓ రోజు చూసిన, రెండ్రోజులు చూసిన, పది దినాలు దాటినయ్. పటేలు రేడియో ఇని వచ్చి "లడాయి ఒడిసిందే, మనమే గెలిచినం" అని వాడంత చెప్పుకుంట పోతాండు.

"మావోళ్ళు మంచిగనే ఉన్నరా పటేలా?" అని అడిగిన.

"ఎవలే నీవోళ్ళు?" అన్నడు.

నేను లోపలికొచ్చి రాట్నం ముంగట కూసున్న.

ముగ్గుల నెల పట్టింది. వాడంత తెల్లారకముందే లేచి ఊడిచి, సాన్పు చల్లి, ముగ్గులు పెడుతాండ్రు, గొబ్బెమ్మలు పెడుతాండ్రు. మా తోటికోడలి ముగ్గు మా గోడ దాన్క వచ్చి ఆగిపోయేది. అటు చక్కగ ముగ్గు, ఇటు నా వాకిట్ల వేపాకు, మేకపెంటికలు. అప్పటికి నాకు గూడ సిగ్గైంది. ఇంకెన్నొద్దులని మనసుల అనుకున్న. అనుకున్నప్పుడల్లా దీవాన్ సింగ్ నా బిందె నింపి పెట్టింది యాదికొచ్చేది. ఊడ్వబుద్ధి గాలే. నేను మొండిదాన్ని, దాచుకునేదేంది.

"ఎవలి కోసమే, మొగన్ని కాసినట్టు కాస్తానవు?" అని బక్కమ్మక్క అడిగింది. అడిగినట్టు గాదు, వాడంత ఇనెటట్టు.

"పోయినోళ్ళ కోసం."

"వాళ్ళు నీకేమైతరు?"

"ఏమీ గారు" అన్న. నిజమే చెప్పిన. ఆమె నిజం కోసం అడిగితే గదా.

ఆ మాట బండెక్కి బీవండికి పోయింది. మొగిలి పెండ్లాం మిలట్రోని కోసం వాకిలి ఊడ్వకుండ కూసున్నదట, అని.

ఓ దినం పగటీలి కండెలు చుట్టుకుంట తలెత్తి చూస్తే వాకిట్ల మా ఆయన. చేతిల రెక్సిన్ సంచి ఒక్కటే. బొర్ర వచ్చింది, చెంపలు నెరిసినయ్. ఐదేండ్ల సంది ఇట్ల వస్తడు, అట్ల వస్తడు అనుకున్నదంత ఒక్కసారి కండ్ల ముంగటికొచ్చింది. వచ్చిండు. ఎందుకొచ్చిండో నాకు ఎరుకే, అయినా నా పానం సంబరపడ్డది. అపవాదు వేసి రప్పిచ్చిన బక్కమ్మక్కకు కాళ్ళు మొక్కాల్ననిపించింది.

నీళ్ళిస్తే తాగిండు. కూసోలే. వాకిలంత చూసిండు. అప్పటికే గోడల మీద తలకాయలు లేచినయ్.

"ఏందిది?" అన్నడు.

జరిగింది జరిగినట్టు చెప్పిన. పటేలు అర్ర అడిగిన కాడికెల్లి వాళ్ళు జీపెక్కిన దాన్క.

"వాళ్ళతోటి నీకేమన్న ఉన్నదా?"

"లేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆయన ఊపిరి ఇడిసిండు. మొఖం జర తేటపడ్డది. "బీవండిల సాంచాల కాడ తల ఎత్తలేకపోతాన. ఎవన్ని చూడు, అదే ముచ్చట. మనోళ్ళు మరాఠోళ్ళకు గూడ చెప్పిండ్రు" అన్నడు. "ఊడువు. ఇప్పుడే, అందరు చూడంగ ఊడువు. నేను నిలబడి ఊడ్పిచ్చిన్నని పోయి చెప్పుకుంట."

"లడాయికి పోయినోళ్ళయ్యా. చేరిండ్రో లేదో."

"చేరితె చేరిండ్రు, సస్తె సచ్చిండ్రు. నీకేంది? నీ మొగన్ని నేనా వాళ్ళా?"

ఆ మాట నన్ను పట్టుకున్నది. నీ మొగన్ని నేను అన్నడు. ఐదేండ్లకు అన్నడు. నేను మంచిదాన్నని చెప్పుకోను, ఆ పూట నాకు ఆ నలుగురి పానాల కన్న ఈయన ఇంట్ల ఉండుడే ఎక్కువైంది. మూలకున్న చీపురు చేతిలకు తీసుకున్న. దుమ్ము పట్టి ఉండె, దులిపిన.

"ఊడుస్త. ఊడిస్తె ఉంటవా?" అని అడిగిన. అందరు ఇంటాండ్రని ఎరుకే. అయినా అడిగిన.

"ఉండుడేందే? మాపటి బండికే పోవాలె. అసలు వచ్చే యాళ్ళనే గాదు నాకిది, పిల్లగాడు దవాఖానల ఉన్నడు" అన్నడు.

అని ఆగిపోయిండు.

గోడల మీదోళ్ళు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. బక్కమ్మక్క మొఖం అటు తిప్పుకున్నది. అందరికీ ఎరుకే అన్నట్టు. నేను లొల్లి పెట్టి వచ్చిన ఇంటోళ్ళకు గూడ.

"ఎన్నేండ్లు పిల్లగానికి?" అని అడిగిన.

ఆయన తల వంచుకున్నడు. "నాలుగు" అన్నడు, నాకు ఇనవడీ ఇనవడనట్టు.

నాకు కోపం రాలే. కోపం వస్తే బాగుండు, నోరన్న లేచేది. ఐదేండ్లు ఈయన రానేరాలే. ఇప్పుడు గూడ నా కాడికి రాలే. బీవండిల తల ఎత్తుకోని నడిచెటందుకు వచ్చిండు.

"ఊడువు మరి, నిలబడ్డవేంది? నాకు యాళ్ళయితాంది" అన్నడు.

"నువ్వు పో. నువ్వు పోయినంక ఊడుస్త" అన్న.

మెల్లగనే అన్న. మా ఊరి మనిషి గదా, ఆయనకు వెంటనే తెలిసింది. మొఖంల నెత్తురు లేకుండ పోయింది. గోడ మీదికెల్లి బక్కమ్మక్క "అయ్యో, గా మాట అనకే యాకమ్మా" అన్నది. నేను చీపురు కింద పెట్టలే. ఆయన "యాకమ్మా" అన్నడు. వచ్చిన కాడికెల్లి నా పేరు పెట్టి పిలిచింది అదొక్కటే. సంచి తీసుకోని గల్లీల పడి పోయిండు. బువ్వ తిని పో అని నేను అనలే, ఆయన అడగలే.

గల్లీ మలుపు తిరిగినంక ఊడ్సిన. అందరు చూడంగనే ఊడ్సిన. దర్వాజ కాడికెల్లి గల్లీ దాన్క, ఆయన నడిచినంత మేరనే. పెండనీళ్ళు చల్లిన. పిల్లగాని మీద నాకేం కోపం లేదు, వాని కోసం మనసుల దండం పెట్టుకున్న. ముందరి అర్ర, మిగిలిన వాకిలి ముట్టలే. శివరాత్రి దాన్క అట్లనే ఉంచి, ఇగ కబురు రాదని నాకు నేనే చెప్పుకోని అప్పుడు ఊడ్సిన. ఆ నలుగురు ఉన్నరో లేరో ఇయ్యాల్టికీ నాకు తెల్వది.

ఆ దినం మాత్రం చీపురు మూలకు పెట్టి, దర్వాజ ఏసుకోని ఏడ్సిన. ఆయన పోయిండని గాదు. ఆయన ఎన్నడో పోయిండు. ఐదేండ్లు ఒక్కదాన్నే ఉన్న గని, వచ్చెటోడు ఒకడున్నడని ఉన్న. ఇగ వచ్చెటోళ్ళు లేరు. ఒంటిగ ఉండుడంటే ఏందో నాకు ఆ పొద్దు తెలిసింది. తెల్లారి సొసైటీకి పోయి నూలు తెచ్చుకున్న.